మోటారు గదిలో సమన్వయం

పై ఊరి కౌన్సిల్ ఆఫీసులో అతన్ని అందరూ గొలుసు అనే పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వేయరు వెనకాల ఇనుప గొలుసు మోసుకుంటూ వీధులు కొలిచేవాడు. తర్వాత గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి మూడు కాళ్ళ మిషను వచ్చింది, సర్వేయర్లు ఎందరో మారారు. పేరు మాత్రం అతనికి అంటుకుపోయింది. జీతం బిల్లు మీదున్న పేరుతో ఎవరైనా పిలిస్తే వెంటనే పలకడు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని అటూ ఇటూ చూస్తాడు.

మనిషి పొడుగు, సన్నం. ఏ గదిలోకి వెళ్ళినా కూర్చునే ముందు ఒకసారి గోడ నుంచి గోడకి చూపు సారిస్తాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. "ఈ బీరువా ఇటు జరిపితే గాలి ఆడుతుంది" అంటాడు. అని ఊరుకున్నా బాగుండేది. జరిపేస్తాడు. ఆ ఆఫీసులో అతను జరపని బల్ల లేదు. క్యాషియరు ఓసారి జ్వరమొచ్చి సెలవు పెట్టి, తిరిగి వచ్చేసరికి తన కుర్చీ బల్లా కిటికీ పక్కన ఉన్నాయి. ఎండ సూటిగా మొహం మీద కొడుతోంది. గొలుసుతో గొడవ పెట్టుకునే ఓపిక లేక, ఆ వేసవంతా క్యాషియరు గొడుగు వేసుకుని లెక్కలు రాశాడు.

"నన్ను అడగొచ్చు కదయ్యా" అన్నాడు ఒకసారి.

"అడిగితే వద్దంటారు కదండీ" అన్నాడు గొలుసు. అతని మటుకు అతనికి అది న్యాయమైన సమాధానమే.

కాపురం చెడిందీ ఆ గుణం వల్లే. అతని భార్య కాలువకి అవతల, కింది ఊరి కౌన్సిల్‌లో ట్రేసర్. అంటే నక్షాలు శుభ్రంగా గీసిపెట్టే ఉద్యోగం. ఇతను కొలతలు తెస్తాడు, ఆమె గీతలు గీస్తుంది, జోడీ భలే కుదిరిందని సంబంధం చూసినవాళ్ళు మురిసిపోయారు. పెళ్ళయ్యాక ఆమె పై ఊరికి కాపురానికి వచ్చింది. ఉద్యోగానికి మాత్రం రోజూ వంతెన దాటి వెళ్ళేది. ఇంట్లో ముందుగది కిటికీ కింద ఆమె గీతల బల్ల ఉండేది. ఒక ఆదివారం ఆమె పుట్టింటికి వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి ఆ బల్ల పెరటి వసారాలో, తుప్పు పట్టిన బకెట్ల పక్కన ఉంది. కిటికీ కింద క్యారమ్ బోర్డు వెలిసింది. దాని చుట్టూ గొలుసు, ఇంకో ముగ్గురు స్నేహితులు.

"ఇక్కడ వెలుతురు బాగుంటుందని" అన్నాడు స్ట్రైకర్ మీంచి చూపు తిప్పకుండా.

"నేనూ వెలుతురు బాగుంటుందనే పెట్టుకున్నాను."

"నువ్వు గీసేది దీపాలు పెట్టాకే కదా. లైటు అక్కడా ఉంది."

ఆమె వచ్చిన కాళ్ళతోనే వెనక్కి తిరిగింది. వీధిలోకి వెళ్ళి తోపుడు బండి పిలిచింది. బల్ల ఎక్కించింది, దాని మీద తన బట్టల సంచి పెట్టింది, బండి వెనక నడిచింది. గొలుసు వంతెన దాకా వెంటబడ్డాడు. వెళ్ళొద్దనో, ఉండమనో చెబుతాడని బండివాడు కూడా ఆగి చూశాడు. "ఆ బల్ల వెడల్పుకి వంతెన చాలదు" అన్నాడు గొలుసు. చాలింది.

వారం తిరక్కుండా వస్తుందనుకున్నాడు. ఏడాది దాటింది. మొదట్లో ఇల్లంతా తన ఇష్టం వచ్చినట్టు సర్దుకున్నాడు. మంచాన్ని నాలుగు గోడలకీ వేసి చూశాడు. వద్దనే మనిషి లేకపోతే జరపడంలో రుచి ఉండదని తెలిసింది. క్యారమ్ స్నేహితులు కూడా, టీ ఇచ్చేవాళ్ళు లేని ఇంటికి రావడం తగ్గించి, చివరికి మానేశారు. వెళ్ళి పిలుచుకు రావచ్చు. వెళ్ళి ఏమని అడగాలో అతనికి తెలియదు. అడగడం అనే పని అతను ఎప్పుడూ చేయలేదు.

ప్రభుత్వానికి అప్పుడప్పుడు మంచి ఆలోచనలు వస్తుంటాయి. వాటిని అమలు చేయాల్సింది ఎవరో గుర్తొచ్చేలోపే ఉత్తర్వు బయటికి వచ్చేస్తుంది. ఆ ఏడు వచ్చిన ఉత్తర్వు ఇది: ప్రతి కౌన్సిలూ తన అభివృద్ధి ప్రణాళికలో పొరుగు కౌన్సిల్‌తో కలిసి ఒక ఉమ్మడి అధ్యాయం రాయాలి. ఉమ్మడి నక్షా జత చేయాలి. రెండు వైపులా సమన్వయకర్తలు సంతకం పెట్టాలి. లేకపోతే ఇద్దరికీ నిధులు ఆగిపోతాయి.

పై ఊరికీ కింది ఊరికీ మధ్య ఉన్నది ఒక కాలువ, దాని మీద ఒక వంతెన. అయినా ఆ రెండు ఆఫీసుల మధ్య ఉత్తరం వెళ్ళాలంటే జిల్లా కేంద్రం చుట్టి రావాలి. మొదటి సమావేశం ఎవరి ఆఫీసులో అన్న దగ్గరే ఆగిపోయింది. రెండోది వంతెన నడిమధ్యన పెట్టుకున్నారు. ఎవరి కుర్చీలు వేయాలో తేలక నిలబడి, కాళ్ళు లాగి వెళ్ళిపోయారు. మూడోసారి పై ఊరి హెడ్ క్లర్కు ధైర్యం చేసి కింది ఊరి ఆఫీసుకే వెళ్ళాడు. అక్కడ టీ ఇస్తే తాగాడు. రెండో కప్పు కూడా తాగాడని తెలిసి, ఊరిని టీకి అమ్మేసిన మనిషిగా ఈనాటికీ అతన్ని వేలెత్తి చూపిస్తారు.

పై ఊరి చైర్మన్ పూర్వం సైకిళ్ళు అద్దెకిచ్చిన మనిషి. తీసుకెళ్ళినవాడు తిరిగి రాడనే అనుమానంతోనే ఆయన సగం జీవితం గడిచింది. ఆయన గొలుసుని గదిలోకి పిలిపించుకున్నాడు.

"నీకు ఆ ఊళ్ళో ఎవరితోనైనా మాటలున్నాయా?"

"లేవండి."

"నీ భార్యతో?"

"అసలే లేవండి."

"మీ అత్తగారితో?"

"ఆవిడ నన్ను చూస్తే తలుపేస్తుందండి."

చైర్మన్ మొహం విప్పారింది. "అయితే నువ్వే. నిన్ను వాళ్ళు మంచి చేసుకోలేరు."

"మాట్లాడ్డానికి పంపుతున్నారా, మాట్లాడకుండా ఉండడానికా?"

"గురువారం గురువారం వెళ్ళు. కూర్చో. దేనికీ ఒప్పుకోకు. ఒప్పుకోకుండా సమన్వయం చేసుకురా."

స్థలం మాత్రం బాగా కుదిరింది. కాలువ గట్టున, వంతెన పక్కన, నీళ్ళు తోడే మోటారు గది ఉంది. అది రెండు కౌన్సిళ్ళదీ కాదు, నీటిపారుదల శాఖది. దాన్ని చూసుకునే ముసలాయన్ని రెండూళ్ళవాళ్ళూ మోటారు తాత అంటారు. అనుమతి అడగడానికి వచ్చిన ప్యూనుతో, "కూర్చోండి, నాకేం. అయితే కరెంటున్నంతసేపూ మోటారు ఆగదు, అరుచుకోండి" అన్నాడట.

మొదటి గురువారం గొలుసు తన ఊరి నక్షా చుట్ట చంకన పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. మోటారు హోరు. నూనె వాసన. ఒక చెక్కపెట్టె బల్లగా, రెండు స్టూళ్ళు. ఒక స్టూలు మీద అతని భార్య కూర్చుని ఉంది.

కింది ఊరి చైర్‌పర్సన్ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఊళ్ళో ఆమెను పెద్ద టీచర్ అంటారు. ఆమె కూడా పై ఊరి చైర్మన్ బుర్రతోనే ఆలోచించింది: ఆ ఊరి మనిషితో వేగలేక వచ్చేసిన ఆడది ఆ ఊరికి లొంగదు. అవతలివాళ్ళు ఎవరిని పంపుతారో ఇద్దరూ కనుక్కోలేదు. కనుక్కోవాలంటే మాట్లాడుకోవాలి కదా.

గొలుసు చాలాసేపు నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి సార్" అని అరిచింది ఆమె.

"నమస్తే మేడమ్" అని అరిచాడు అతను.

మోటారు తాత ఒకసారి ఇద్దర్నీ చూసి, రెంచి తీసుకుని అవతలి మూలకి పోయాడు.

నక్షాలు పరిచారు. ఆ పనిలో ఒక అలవాటుంది. ఏ కౌన్సిల్ నక్షాలోనైనా సొంత ఊరు వీధులతో, రంగులతో కిటకిటలాడుతుంది. హద్దు దాటాక తెల్ల కాగితమే. పక్క ఊరిలో కూడా ఇళ్ళుంటాయని తెలిసినా గీయరు, అది వాళ్ళ పని. ఆ ఖాళీలో పేరు, కొలమానం, గుర్తుల పట్టిక, ఉత్తర దిక్కు చూపించే బాణం వేసుకుంటారు. పై ఊరి నక్షాలో కింది ఊరంతా గుర్తుల పట్టిక కింద పడి ఉంది. కింది ఊరి నక్షాలో పై ఊరి మీద నిలువెత్తు దిక్కుల బాణం ఉంది. పూల రేకులు, తీగలు చుట్టి శ్రద్ధగా గీసిన బాణం. అది ఎవరి చేతిగీతో గొలుసుకి చెప్పక్కర్లేదు. వంతెన నుంచి వేలితో కొలుచుకుంటూ వచ్చాడు. బాణం మొన సరిగ్గా తన ఇంటి మీద దిగబడి ఉంది.

"ఇదేంటి మేడమ్?"

"ఉత్తర దిక్కు సార్."

"అది తెలుస్తోంది. ఇక్కడెందుకు పెట్టారు?"

"ఖాళీ ఉందని."

"ఖాళీ లేదు. ఇక్కడ నేనుంటున్నాను."

"మా దగ్గరున్న సమాచారం ప్రకారం అక్కడెవరూ లేరు సార్."

అతనికి కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆఫీసుకి వెళ్ళి, ఉన్నదున్నట్టు రాసి పెట్టాడు: కింది ఊరివారు తమ ఉత్తర దిక్కుని మన భూభాగంలో ఏర్పాటు చేశారు.

దాంతో కౌన్సిల్ ఒంటికాలి మీద లేచింది. అంతవరకూ ఉత్తరం ఎటో ఏనాడూ పట్టించుకోని సభ్యులు బల్లలు గుద్దారు. బాణాన్ని తక్షణం తొలగించాలని తీర్మానించారు. "తొలగించకపోతే?" అని ఒకాయన అడిగాడు. "తిరగేసి వాళ్ళ వైపు చూపించమందాం" అన్నాడు ఇంకొకాయన, ఆ మాట కూడా తీర్మానంలోకి ఎక్కింది. అవతల పెద్ద టీచర్ తీర్మానం చదివి, ఎర్ర సిరాతో భాషా దోషాలు దిద్ది, కింద ఒక వాక్యం రాసి తిప్పి పంపింది: మా ఉత్తరం మా ఇష్టం.

అలా మొదలైంది. చెత్తకుప్ప సంగతి ఎవరికీ పట్టలేదు. పై ఊరు తన నక్షాలో చెత్త డిపో కాలువ గట్టున వేసింది, ఊరికి దూరమని. ఎదురుగా గట్టుకి అవతల కింది ఊరు పార్కు వేసుకుంది. కింది ఊరు తన కబేళా ఇంకొంచెం దిగువన వేసింది, ఊరికి దూరమని. దాని ఎదుట ఇవతల పై ఊరు ఆసుపత్రి వేసుకుంది. రెండూళ్ళూ కాలువ తమదేనని అవతలి గట్టుదాకా నీలం రంగు పూసుకున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పరిచి ఉండగా, వారాల తరబడి ఆ పెట్టె మీద నలిగింది బాణం ఒక్కటే.

సమన్వయకర్తలు భార్యాభర్తలని రెండు ఆఫీసులకీ తెలిసిపోయింది. ఎవరూ మార్చలేదు. పైపెచ్చు సంతోషించారు. "ఏడాదిగా రాజీ పడనివాళ్ళు. ఇంతకంటే నమ్మకస్తులు ఎక్కడ దొరుకుతారు?" అన్నాడు పై ఊరి చైర్మన్. "కొంచెం మెత్తబడ్డట్టు కనిపించినా వాళ్ళని తీసేసి వేరేవాళ్ళని వేద్దాం" అని కూడా అన్నాడు. అవతల పెద్ద టీచర్ కూడా అదే మాట ఆమెకి ఇంకాస్త మర్యాదగా చెప్పింది.

చెవి వేసి వినేవాళ్ళు లేకపోలేదు. గురువారం ఆ వేళకి వంతెన మీద జనానికి ఎందుకో కాళ్ళు నొప్పి పుట్టేవి. ఆనుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళలో కూరల సంచితో గొలుసు అత్తగారు కూడా ఉండేది. "అల్లుడుగారు ఇవాళ గట్టిగానే అరిచాడు. ఆరోగ్యం బాగానే ఉన్నట్టుంది" అని పక్కావిడతో అనేదట.

మొదటి రోజు గొలుసు వెళ్ళేముందు, వెలుతురు కోసమని పెట్టెను గుమ్మం వైపు జరిపాడు. ఆమె దాన్ని పాత చోటికి లాగింది. రెండో వారం జరపబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. మూడో వారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వారంలో మిగతా రోజులన్నీ ఏదో పని మీద గడిచేవి, గురువారం ఒక్కటే తన కోసం వచ్చేది. ఆ సంగతి తనకే కొత్తగా తెలిసింది. దాని వెనకే భయం కూడా పట్టుకుంది: బాణం గొడవ తేలిపోతే, సంతకాలైపోతే, గురువారం ఉండదు.

అందుకని అభ్యంతరాలు పుట్టించడం మొదలుపెట్టాడు. కౌన్సిల్ రాసిచ్చిన వాటికి తనవి చేర్చేవాడు. మీ నక్షాలో కాలువ ముదురు నీలం, మా దాంట్లో లేత నీలం, నీళ్ళు ఒకటే కదా అన్నాడు. మీ చెట్ల గుర్తు గుండ్రంగా ఉంది, మా చెట్లు అలా ఉండవన్నాడు.

"ఈ అభ్యంతరం మీ కౌన్సిల్‌దా, మీదా?" అని అరిచింది ఆమె.

"కౌన్సిల్‌దే."

"మీ కౌన్సిల్‌కి బుద్ధి లేదు."

"అది మినిట్స్‌లో రాయమంటారా మేడమ్?"

"రాయండి. ఒత్తులు సరిగ్గా పెట్టండి."

ఆ తర్వాతి వారం ఆమె తన సంచిలోంచి ఒక కాగితం తీసింది. పై ఊరి నక్షాకి నాలుగు వైపులా వదిలిన అంచు, కింది ఊరి అంచుకంటే వెడల్పుగా ఉందని, ఇది ఆధిపత్య ధోరణి అని కింది ఊరి అభ్యంతరం. గొలుసు చదివాడు. అందులో పస లేదు. తను తెచ్చే వాటిలో ఎంత లేదో అంతే లేదు. తలెత్తి చూశాడు. ఆమె కిటికీలోంచి కాలువ వైపు చూస్తోంది.

అప్పుడు ఆమె ఏదో అంది. పెదాలు కదిలాయి, మాట మోటారు మింగేసింది.

"ఏంటి మేడమ్?"

ఆమె స్టూలు జరుపుకుని చెవి దగ్గరికి వంగింది. "బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"మధ్య మధ్య మర్చిపోతున్నాను" అన్నాడు అతను, అంతే దగ్గరగా.

ఆమె మొహం చిట్లించి వెనక్కి జరిగి, వంతెన దాకా వినపడేలా అరిచింది. "పై ఊరివాళ్ళది బాధ్యత లేని వైఖరి అని మా ఆరోపణ."

"మేమలా అనుకోవడం లేదు" అని అరిచాడు అతను. ఆ రోజు నుంచి మాత్రలు మర్చిపోలేదు.

వర్షాలు వచ్చి పోయాయి. బాణం కదల్లేదు. చివరికి జిల్లా నుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. సన్నటి గొంతు, ఏ మాటకీ స్వరం పెంచని మనిషి. వంతెన మీద జీపు ఆపించి, ఇద్దరు చైర్మన్లనీ అక్కడికే పిలిపించి, నిలబడే చెప్పాడు.

"మీరిద్దరూ కలిసి ఒక అధ్యాయం రాయలేకపోయారు. పరవాలేదు. రెండు కౌన్సిళ్ళనీ ఒకటిగా కలిపేయమని రాసేస్తాను. అప్పుడు సమన్వయం అవసరమే ఉండదు."

"ఒకటిగా అంటే?" అన్నాడు పై ఊరి చైర్మన్.

"ఒక ఆఫీసు. ఒక బడ్జెట్. ఒక చైర్మన్."

ఆ ఆఖరి మాట విన్న క్షణం నుంచి ఆ రెండూళ్ళ మధ్య కనిపించిన స్నేహం చరిత్రలో ఎరగనిది. పెద్ద టీచర్ పై ఊరి చైర్మన్‌ని "తమ్ముడూ" అంది. ఆయన ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. జీపు బానెట్ మీదే కాగితాలు పరిచి, టీ చల్లారేలోపు ఉమ్మడి అధ్యాయం పూర్తి చేశారు. చదవలేదు. చదివితే మళ్ళీ ఏదైనా కనిపిస్తుందని ఇద్దరికీ భయమే. ఇద్దరి ప్రతిపాదనలూ ఇద్దరూ ఒప్పేసుకున్నారు. చెత్త ఎదుట పార్కు ఉంది, ఆసుపత్రి ఎదుట కబేళా ఉంది. గట్లతో సహా కాలువ మొత్తం పై ఊరిదేనని ఒక పేజీలో, మొత్తం కింది ఊరిదేనని వెనక పేజీలో ఉంది. ఉమ్మడి నక్షాలో ఎవరి బాణం వారికి ఉంచేశారు. ఆ నక్షాలో రెండు ఉత్తర దిక్కులున్నాయి. అధికారి రెండింటినీ చూసి, వాచీ చూసుకుని, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు గొలుసుకి ఒక కాగితం అందింది. సమన్వయం విజయవంతంగా పూర్తయినందున సమన్వయకర్త బాధ్యత నుంచి తప్పించడమైనది. రానున్న గురువారం మోటారు గదిలో నక్షాలు ఎవరివి వారికి అప్పగించి రసీదు తీసుకోవలెను.

"శభాష్" అన్నాడు చైర్మన్ భుజం తట్టి. "ఆఖరిదాకా దేనికీ ఒప్పుకోలేదు."

బుధవారం గొలుసు ఇంట్లో కూర్చుని ఏమని అడగాలో వరస పెట్టుకున్నాడు. మోటారు హోరు ఉంటుంది, చెవి దగ్గరికి వంగాలి, వంగితే మొహం చూడక్కర్లేదు, అప్పుడు అనేయొచ్చు. ఎటు చూసినా మోటారు మీదే ఆధారపడ్డ పథకం.

గురువారం గదిలోకి వెళ్తే చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. మోటారు ఆగి ఉంది. ఆమె అప్పటికే వచ్చి నక్షా చుట్టి దారం కడుతోంది.

"తాతా, మోటారు వేయవా?" అన్నాడు గొలుసు.

"కరెంటు లేదు నాయనా."

"ఎప్పుడొస్తుంది?"

"వాళ్ళు నాకు చెప్పి తీస్తారా?"

"చేత్తో తిప్పడానికేం లేదా?"

మోటారు తాత అతన్ని ఎగాదిగా చూసి బయటికి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. ఆమె రసీదు రాసి ఇచ్చింది. అతను సంతకం పెట్టాడు. పెట్టి, పెన్ను ఇవ్వకుండా నిలబడ్డాడు.

"పెన్ను నాది" అంది ఆమె.

ఇచ్చేశాడు. ఇంక చేతిలో ఏమీ లేదు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"నేనొకటి అడగాలి" అన్నాడు. ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే పెద్దగా వినపడి సగం చచ్చిపోయాడు.

ఆమె ఆగింది.

"నాకు అడగడం చేతకాదు. నీకు తెలుసు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలీడం లేదు. నువ్వు వస్తావా అని. నువ్వు వద్దంటే, వద్దన్నావని తెలుస్తుంది. అది తెలియడం కూడా నాకు అవసరమే అనిపిస్తోంది. అంతే."

వంతెన మీద ఎవరో దగ్గారు. దగ్గు గొంతు అత్తగారిదే.

"ఆ ఇంటికి రాను" అంది ఆమె.

"సరే."

"అక్కడ ప్రతి గోడా మీరు చెప్పిన చోటే ఉన్నట్టు ఉంటుంది నాకు. మా అమ్మ ఇంటికి మీరు రావద్దు. వచ్చిన పూటే ఆవిడ బియ్యం డబ్బా జరిపేస్తారు, ఇద్దర్నీ విడదీయలేక నేను చస్తాను."

"అవునులే."

"అవునులే అంటే ఎలా? ఇంకేదైనా చెప్పండి."

అతను ఆలోచించాడు. పై ఊరి ఉద్యోగి పై ఊరి హద్దుల్లోనే కాపురం ఉండాలని నియమం. కింది ఊరికీ అదే నియమం. కాపురం చేసినన్నాళ్ళూ ఆమె దాన్ని తల్లి చిరునామాతో నెట్టుకొచ్చింది. ఎటు కలిసున్నా ఒకరి ఉద్యోగానికి ఎసరే.

"తాతా" అని కేకేశాడు బయటికి. "పక్కగది ఎవరిది?"

"ఆపరేటరు క్వార్టరు. నేనొక్కణ్ణే కదా, నాకు ఈ మూల చాలు. దాంట్లో తుప్పు పైపులేశాను. ఎందుకూ?"

గొలుసు ఆమె వైపు తిరిగాడు. "కాలువ మొత్తం మా ఊరిదని మీరు రాసిచ్చారు."

"మా ఊరిదని మీరూ రాసిచ్చారు."

"అయితే ఇక్కడుంటే నేను పై ఊళ్ళో ఉన్నట్టే."

"నేను కింది ఊళ్ళో ఉన్నట్టే" అంది ఆమె. నవ్వు రాబోతే పెదవి కొరుక్కుంది. "కుళాయి ఏ ఊరూ ఇవ్వదు."

"పక్కనే మోటారుంది."

"చెత్త ఎవరూ తీసుకెళ్ళరు."

"చెత్త డిపో ఈ గట్టునే వేశారు కదా."

ఆమె లోపలికి వచ్చి సంచి పెట్టె మీద పెట్టింది. "ఒక నెల చూస్తాను. ఈ నెలలో ఒక్క వస్తువు కూడా నన్ను అడక్కుండా కదలకూడదు."

"అడుగుతాను."

"అడిగాక నేను వద్దంటే?"

అతను నిజాయితీగా కాసేపు బాధపడ్డాడు. "ఆగడానికి ప్రయత్నిస్తాను" అన్నాడు.

మోటారు తాత తాళం తెచ్చి ఇచ్చాడు. గది తలుపు తీస్తే ముందు తుప్పు వాసన, తర్వాత సాలెగూళ్ళు, వాటి వెనక గోడ నుంచి గోడకి ఇనుప పైపులు. తాత వెళ్ళి రెండు కౌన్సిళ్ళవాళ్ళకీ సంగతి చెప్పాడో, వంతెన మీది దగ్గు చెప్పిందో గాని, అటు గట్టు మీద పెద్ద టీచర్, ఇటు గట్టు మీద చైర్మన్ వచ్చి నిలబడ్డారు. అతన్ని మన ఊరికి లాక్కొచ్చిందని ఆవిడ గర్వపడుతోంది. ఆమెను మన ఊరికి తెచ్చేశాడని ఈయన మురుస్తున్నాడు. ఇద్దరూ ఎదురుబొదురుగా చేతులూపుకున్నారు.

గొలుసూ ఆమే అన్నిటికంటే పొడుగు పైపుని చెరొక కొసా పట్టుకుని ఎత్తారు. అది గుమ్మంలో అడ్డం పడింది.

"మీరు వెనక్కి రండి."

"నువ్వు కొంచెం ముందుకి నడువు."

"ముందుకి వస్తే గోడ. మీరు రండి."

అతను వెనక్కి వచ్చాడు. పైపు ఇంకో మూల తగులుకుంది. చేతులు నొప్పి పుట్టి ఇద్దరూ కింద పెట్టారు. అతను నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఎటు తీసుకెళ్దామంటావు?"

ఆమె అటు గట్టు చూసింది, ఇటు గట్టు చూసింది.

"నాకూ తెలీదు" అంది. "ముందు బయటికైతే తీద్దాం."